కనబడని చొక్కా

దసరాకు ఊరికి వెళ్ళినప్పుడల్లా ఏదో ఒక తగువు తీర్చి రావడం నాకు అలవాటైపోయింది. గట్టు తగాదాలూ, అన్నదమ్ముల పంపకాలూ అయితే తేలికే. ఇద్దరి మాటా విని, తప్పు ఇద్దరికీ చెరిసగం పంచిపెట్టి, భోజనం చేసి బస్సెక్కవచ్చు. కాని మొన్నటి దసరాకు తొగుటలో నా నెత్తిన పడిన తగువు గట్టును గురించి కాదు, ఒక చొక్కాను గురించి. దాన్ని తీర్చబోయి నేనే అందులో ఇరుక్కున్నాను.

మా చిన్నవాడికి పదేళ్ళు. పండక్కి కొత్తబట్టలనేసరికి వాడు పట్టుబట్టి, ఆకుపచ్చా మట్టిరంగూ నలుపూ మచ్చలు మచ్చలుగా ఉన్న చొక్కా ఒకటి కొనిపించుకున్నాడు. మీరూ చూసే ఉంటారు. ఇప్పుడు పట్నంలో ఏ వీధిలో చూసినా కుర్రవాళ్ళ ఒంటిమీద అవే. చొక్కాలు, లాగులు, టోపీలు, చివరకు అన్నం కారేజీ పెట్టుకునే సంచులు కూడా. సద్దుల బతుకమ్మ నాడు సిద్దిపేటలో బస్సు మారి తొగుటలో దిగేసరికి వాడి నడకే మారిపోయింది. సరిహద్దులో శత్రువును తరిమివచ్చిన వీరుడిలాగా మా అక్కయ్య ఇంట్లో అడుగుపెట్టాడు.

అరుగుమీద మా బావ కూర్చుని ఉన్నాడు. బావ సైన్యంలో 17 ఏళ్ళు పనిచేసి, హవల్దారుగా పింఛను పుచ్చుకుని వచ్చినవాడు. మితభాషి. పిల్లవాణ్ణి దగ్గరకు పిలిచి, చొక్కా అంచు పట్టుకుని, గుడ్డను వేళ్ళతో నలిపి చూశాడు. తరువాత నెమ్మదిగా అడిగాడు:

"అల్లుడా, గిది దాక్కునేటోని అంగి. నువ్వు ఎవరికి భయపడి దాక్కుంటున్నవ్?"

"మిలట్రీ చొక్కా, మామయ్యా" అన్నాడు వాడు బిక్కమొహం వేసి.

"మిలట్రీది మిలట్రీల ఏసుకోవాలె. బతుకమ్మ కాడ ఏసుకుంటరా?"

అంతే. వీరుడు భోరుమన్నాడు. అక్కయ్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. మా ఆవిడది గుంటూరు వైపు. "పండగపూట పిల్లవాణ్ణి ఏడిపించడమేమిటండీ" అని నావైపు చూసింది. పిల్లవాడికి వేరే చొక్కా తొడిగి, బావకు చాయ్ ఇప్పించి, తగువు తీరిపోయిందనుకున్నాను. తీరలేదు. అసలు తగువు ఆ రాత్రి బయటపడింది.

ఆడవాళ్ళు బతుకమ్మలను సాగనంపి వచ్చాక అక్కయ్య నన్ను వంటింట్లోకి పిలిచింది.

"తమ్మీ, మీ బావ ఆ అంగి మీద ఎందుకు గట్ల జేసిండో ఎరుకనా? గసుంటి అంగీలు కుట్టే కంపెనీ పెడతడట! పాత దోస్తులు ఇద్దరు తోడైండ్రు. పోస్టాఫీసుల పోరి సదువుకని నాలుగు లక్షలున్నయి. అవి తీస్తనంటున్నడు. నీ మాటంటే ఆయనకు గురి. నువ్వు వద్దను."

సరే అన్నాను. అక్కయ్య మాట కాదనడం చిన్నప్పటి నుంచి నాకు చేతకాదు.

డాబామీదికి వెళితే బావ ఫోనులో ఏవో బొమ్మలు చూపించాడు. కొండలు, మంచు, మచ్చల చొక్కాలు తొడుక్కుని విల్లు పట్టుకున్న దొరలు. "అమెరికాల ఇద్దరు ఫౌజీలు పెట్టిన కంపెనీ బామ్మర్దీ. నువ్వు పత్రికలల్ల రాసేటోనివి. దీని సంగతి మొత్తం చదివి నాకు చెప్పు. మంచిదంటే మంచిది, కాదంటే కాదు" అన్నాడు.

దానికీ సరే అన్నాను. మొగుడి తరఫునా పెళ్ళాం తరఫునా వకాల్తా పుచ్చుకున్న వకీలును నేనొక్కణ్ణే అయివుంటాను! ఇక చేసేదేముంది, మర్నాడంతా కూర్చుని చదివాను. చదివినది మీకూ కాస్త చెబుతాను.

దాక్కునే బట్ట అనే ఊహ సైన్యాలకు చాలా ఆలస్యంగా వచ్చింది. తెల్లవాళ్ళ సిపాయిలు ఒకప్పుడు ఎర్రకోట్లు తొడుక్కుని యుద్ధానికి వెళ్ళేవారు. పొగలో తనవాడెవడో పైవాడెవడో తెలియాలి గదా! తుపాకులు దూరం కొట్టడం మొదలుపెట్టాక ఆ ఎరుపే ప్రాణం మీదికి వచ్చింది. 1846లో పెషావరులో లమ్స్‌డెన్ అనే దొర గైడ్స్ అనే దళాన్ని సమకూర్చాడు. ఆ దళంవాళ్ళకు దుమ్మురంగు బట్టలు తొడిగాడు. దుమ్మును పారశీకంలో ఖాక్ అంటారు. దాంట్లోంచి వచ్చిందే మన ఖాకీ. ఈ దేశపు దుమ్ములో పుట్టిన రంగు ప్రపంచంలోని సైన్యాలన్నిటికీ పాకింది.

మచ్చల విద్య మాత్రం ఫ్రెంచివారిది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో, వారి సైన్యం ఈ పనికోసమే ఒక దళాన్ని ఏర్పాటు చేసింది. దానికి నాయకుడు గిరాన్ ద సేవోలా అనే చిత్రకారుడు. దళంలో చేరినవాళ్ళూ ఎక్కువగా రంగులు కలిపేవాళ్ళే. ఫిరంగులమీద మచ్చలు వేశారు. యుద్ధభూమిలో మోడైన చెట్టును రాత్రికి రాత్రి తీసేసి, అచ్చం అలాంటిదే ఇనపచెట్టును నిలబెట్టి, దాని కడుపులో మనిషిని కూర్చోబెట్టి శత్రువు కదలికలు చూశారు. కామఫ్లాజ్ అనే మాట అప్పుడే లోకానికి తెలిసింది. ఆ దళం గుర్తు ఏమిటనుకున్నారు? మన ఊసరవెల్లి!

ఈ విద్యలో కీలకం ఒక్కటే. కన్ను ముందు రంగును పట్టుకోదు, అంచును పట్టుకుంటుంది. బియ్యం ఏరే ప్రతి ఇల్లాలికీ ఇది తెలుసు. నల్లరాయి అయితే చేటలో పోయగానే కనిపిస్తుంది. తెల్లరాయి కూడా గుండ్రంగా ఉంటే దొరికిపోతుంది. బియ్యపుగింజలాగే కోలగా, తెల్లగా ఉన్న రాయి మాత్రం చేటనూ కుండనూ దాటుకుని నేరుగా మన పంటికిందికి వస్తుంది. మచ్చల బట్ట చేసేదీ అదే. మనిషికి ఉండే భుజం, తల, చెయ్యి అనే అంచులను ముక్కలు ముక్కలు చేసి చుట్టూ ఉన్న గడ్డిలో, నీడలో కలిపేస్తుంది. పులి చారలు కూడా అందుకే.

"అదేమిటండీ, పులి నారింజరంగులో ధగధగలాడుతూ ఉంటుంది గదా, పచ్చని అడవిలో ఎలా దాక్కుంటుంది?" అని మా ఆవిడ అడ్డుతగిలింది. మంచి ప్రశ్నే. మన కంట్లో రంగులు పట్టే కణాలు మూడు రకాలు. జింకలకూ దుప్పులకూ రెండే. ఎరుపునూ నారింజనూ ఆకుపచ్చ నుంచి విడదీసే శక్తి వాటికి లేదు. మనకు నిప్పులాగా కనబడే పులి దుప్పి కంటికి ఎండిన పొదలాగా కనబడుతుంది. అమెరికాలో వేటగాళ్ళు దీన్ని తెలివిగా వాడుకుంటారు. మచ్చల బట్టలు తొడుక్కున్నవాళ్ళందరూ అడవిలో దూరితే ఒకరినొకరు కాల్చుకునే ప్రమాదం ఉంది. అందుకని తుపాకీతో వేటాడే రోజుల్లో పైన నారింజరంగు చొక్కా వేసుకోవాలని అక్కడ చాలా రాష్ట్రాలలో నియమం పెట్టారు. మనిషికి మనిషి కనబడతాడు. దుప్పికి మాత్రం ఆ రంగు తెలియదు.

ఇక బావ చూపించిన కంపెనీ. దాని పేరు క్రిప్టెక్. అమెరికాలో ఐడహో అనే కొండల రాష్ట్రంలో బుచ్ వైటింగ్, జాష్ క్లెగ్‌హార్న్ అనే ఇద్దరు మాజీ సైనికులు స్థాపించారు. సైన్యంలో హెలికాప్టర్లు నడిపినవారు. ఇంటికి వచ్చాక, తమకు తెలిసిన విద్యకు వేటగాళ్ళలో గిరాకీ ఉందని గ్రహించారు. అక్కడ లైసెన్సు పుచ్చుకుని, అనుమతించిన రోజుల్లో వేటాడడం చట్టబద్ధం. వారి బట్టలో రెండు పొరలున్నట్టు ఉంటుంది. వెనక మసకమసకగా నీడలు, ముందు వలకన్నుల్లాంటి, పాము పొలుసుల్లాంటి గీతలు. దూరం నుంచి చూస్తే బట్ట చదునుగా ఉన్నట్టు అనిపించదు, లోతుగా ఉన్నట్టు అనిపిస్తుంది.

అమెరికా సైన్యం కొత్త మచ్చలకోసం పోటీ పెడితే, 2012లో చివరి వడపోతకు మిగిలిన కొద్ది కంపెనీలలో ఇదీ ఒకటి. అంతకు ముందు ఆ సైన్యానికి తగిలిన దెబ్బ చెప్పుకోదగ్గది. ఎడారికీ అడవికీ పట్టణానికీ ఒకటే బట్ట సరిపోవాలని 2004లో బూడిదరంగు గడుల బట్ట ఒకటి తెచ్చారు. అన్నిచోట్లా సరిపోవాలని చేసిన ఆ బట్ట ఎక్కడా సరిపోలేదు. 2019 సెప్టెంబరు 30తో దాన్ని పూర్తిగా వదిలించుకున్నారు. కొత్త పోటీలో గెలుపు క్రిప్టెక్‌కు దక్కలేదు. సైన్యం చివరకు మరొక నమూనాను ఎంచుకుంది. అయినా ఆ ఇద్దరూ దుకాణం మూయలేదు. వేటగాళ్ళకు అమ్ముకుంటూ నిలబడ్డారు.

ఇంత చదివాక అక్కయ్యకు ఇచ్చిన మాట గుర్తుకొచ్చింది. వద్దనడానికి కారణాలు నాకు పుష్కలంగా దొరికాయి.

దసరానాడు పొద్దున్నే బావ నన్ను మక్కచేనికి తీసుకుపోయాడు. చేను చుట్టూ కర్రలు పాతి పాతచీరలు కట్టి ఉన్నాయి. ఎరుపు, పసుపు, నీలం. గాలికి రెపరెపలాడుతుంటే పొలం కాదు, పెళ్ళిపందిరిలాగా ఉంది. అడవిపందులు చీర చూసి లోపలికి రావడానికి జంకుతాయని రైతుల నమ్మకం. అందులో మా అక్కయ్య పెళ్ళినాటి చీర కూడా ఒకటి గుర్తుపట్టాను.

గట్టుమీద కూర్చుని, వకీలులాగా గొంతు సవరించుకుని, మొదలుపెట్టాను. "బావా, అమెరికా వేరు, మనం వేరు. మనదేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. నిజాం వేటకు పోయిన మెదకువైపు పోచారం అడవి ఇప్పుడు అభయారణ్యం. దుప్పి మన రాష్ట్రజంతువు. వేటే లేనప్పుడు వేటబట్టలు ఎవరు కొంటారు? అది మూసిన తలుపు. ఇక మిలట్రీ మచ్చలా? 2022 జనవరి 15న సైనిక దినోత్సవంనాడు మన సైన్యం కొత్త యూనిఫారం బయటపెట్టింది. జాతీయ ఫ్యాషన్ సంస్థవాళ్ళతో కలిసి చేయించిన నమూనా అది. దానిమీద హక్కులు కూడా నమోదు చేయించుకుంది. బజారులో కుట్టి అమ్మరాదు. సైనికుడు కానివాడు సైనికుడని నమ్మించడానికి ఆ బట్ట వేసుకుంటే న్యాయసంహిత 168వ సెక్షను ప్రకారం మూడు నెలల దాకా జైలు, రెండువేల దాకా జరిమానా. అదీ మూసిన తలుపే."

బావ అంతా విని నవ్వాడు.

"గదంత నాకు తెల్వదా బామ్మర్దీ? మీ పిల్లగాని అంగి చూసి నాకు కోపం ఎందుకొచ్చింది? గా మచ్చలల్ల మా దోస్తులు పాణం ఇడిసిండ్రు. అవి బజార్ల అమ్మే సరుకు గాదు. నేను కుట్టేటివి వేరే. వేట బందైంది గని చూసుడు బందు గాలే. అమ్రాబాదు, కవ్వాల అడవులల్ల పులుల లెక్క తీసేటోళ్ళు ఉన్నరు. అడవి కాపలా తిరిగేటోళ్ళున్నరు. మన మల్లన్నసాగర్ నిండినంక చలికాలం పిట్టలు దిగుతున్నయి. పట్నం నుంచి కెమెరాలు పట్టుకొని మస్తుమంది వస్తున్నరు, తెల్లంగీలేసుకొని! పిట్ట ఆగుతదా?"

నా దగ్గర జవాబు లేదు. అయినా అక్కయ్య తరఫున చివరి అస్త్రం వేశాను. "నీకు బ్యాంకులో కొలువుంది. నెలనెలా జీతం వస్తోంది. పింఛనుంది. ఈ వయసులో ఈ తంటా ఎందుకు బావా?"

అతను చాలాసేపు మాట్లాడలేదు. చీరలవైపు చూస్తూ కూర్చున్నాడు.

"బ్యాంకు తలుపుకాడ ఐదేండ్ల నుంచి నిలబడుతున్న. ఇప్పటిదాంక ముగ్గురు మేనేజర్లు మారిండ్రు. ఒక్కనికి నా పేరు తెల్వదు. 'వాచ్‌మన్' అంటరు. వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు నన్ను చూడరు, నా ఎనకున్న తలుపును చూస్తరు. కశ్మీర్ల బరఫ్‌ల పండుకొని కనబడకుంట ఉండుడు నేర్చిన. ఆడ నేను అంత మంచిగ దాక్కోలే. ఈడ దాక్కున్న. జమ్మిచెట్టు మీద ఆయుధాలు పెట్టి పాండవులు ఎవనికి తెల్వకుంట కొలువు జేసిండ్రు గదా. వాళ్ళకు ఏడాది. నాకు ఐదేండ్లు."

చదువరులారా, అంతకు ముందు నేను విరాటపర్వాన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. భీముడు వలలుడై వంటచేయడం, అర్జునుడు బృహన్నలై ఆట నేర్పడం వింటూ నవ్వుకున్నాను. ఆయుధాలను శవంలాగా మూటగట్టి, ఎవరూ దగ్గరికి రాకుండా జమ్మికొమ్మకు వేలాడదీయడం ఎంత తెలివైన పని అనుకున్నాను. కాని గాండీవం పట్టినవాడు ఒక కొలువుకూటంలో ఏడాదిపాటు ఎవరి కంటా పడకుండా గడపడం అంటే ఏమిటో నాకు ఆ మక్కచేని గట్టుమీద తెలిసింది. 35, 40 ఏళ్ళకే సైన్యం నుంచి ఇంటికి వచ్చే జవాన్లు మన జిల్లాలలో ఎందరో ఉన్నారు. వారికి శిక్షణలు ఇప్పించే సర్కారు సంస్థ ఉంది, జిల్లాల్లో సైనిక సంక్షేమ కార్యాలయాలున్నాయి. అయినా చాలామంది చివరకు ఏదో ఒక తలుపు పక్కన తేలుతున్నారు. 2022లో వచ్చిన అగ్నిపథ్ పద్ధతిలో అయితే నాలుగేళ్ళకే చాలామంది ఇంటిముఖం పడతారు. పాతికేళ్ళయినా నిండని పిల్లలు! వాళ్ళందరికీ సరిపడా తలుపులు మన ఊళ్ళలో ఉన్నాయా?

ఇంతలో బావ స్నేహితులిద్దరూ మోటారు సైకిలుమీద వచ్చారు. ఒకాయన కరీంనగరువైపు, ఒకాయన నిజామాబాదువైపు. దూరదేశం నుంచి తెప్పించిన గుడ్డతో కుట్టించిన నమూనా చొక్కా తెచ్చారు. వెనకాలే సద్ది పట్టుకుని అక్కయ్య, మా ఆవిడ, పిల్లలు వచ్చారు. "చూడుండ్రి, ఎట్ల మాయమైతమో" అని కరీంనగరు ఆయన చొక్కా తొడుక్కుని, కోసిన చేను దాటి రాళ్ళగుట్ట మొదట్లో కూర్చున్నాడు. వందగజాల దూరం ఉంటుంది.

"అదుగో!" అన్నాడు మా చిన్నవాడు వెంటనే.

నిజమే, ఎండిన కొయ్యకాళ్ళ వెనకాల, బూడిదరంగు రాళ్ళముందు పచ్చటి అరిటాకు పరిచినట్టుగా కనబడుతున్నాడు పాపం. బావ మొహం వాడిపోయింది. ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు గుట్టమీది రాయి ఒకటి దగ్గింది.

మేమంతా ఉలిక్కిపడ్డాం. అది రాయి కాదు. గొంగడి కప్పుకుని మోకాళ్ళు ముడుచుకుని గొర్రెలను కాస్తున్న ముసలి గొల్లాయన. కరీంనగరు ఆయనకు పదడుగుల దూరంలో మేము వచ్చినప్పటి నుంచీ కూర్చునే ఉన్నాడు. ముగ్గురు ఫౌజీలూ, ఒక పత్రికా రచయితా ఆయనను చూడలేదు.

మా అక్కయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి, నవ్వి, చొక్కా తెప్పించి చేతిలోకి తీసుకుని, బియ్యంలో రాయి ఏరేటప్పటిలాగా కళ్ళు చికిలించి చూసింది.

"గింత పచ్చగ మన ఊరు ఏడాదికి ఎన్ని నెలలుంటదయ్యా? వానలు పడ్డప్పుడు మూడు నెలలు. ఆనక అంత గొంగడి రంగు, తుమ్మబెరడు రంగు, ఎండిన జొన్నసొప్ప రంగు. ఈ గుడ్డ నేసినోడు మన బీడు చూసిండా? మచ్చలు గుండ్రంగ ఉన్నయి. మన నీడలు గుండ్రంగ ఉంటయా? తుమ్మనీడ చూడుండ్రి, జల్లెడ లెక్క ఉంటది."

నేను చదివిన అమెరికా సైన్యంవారి పదిహేనేళ్ళ పాఠాన్ని మా అక్కయ్య నాలుగు మాటల్లో చెప్పేసింది. ముగ్గురు ఫౌజీలూ ఆమె ముందు అటెన్షనులో నిలబడ్డట్టు నిలబడ్డారు. నిజామాబాదు ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం ఊరంతా జమ్మిచెట్టు దగ్గర చేరింది. జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి, పెద్దల కాళ్ళకు మొక్కడం, ఈడువాళ్ళు అలాయ్ బలాయ్ తీసుకోవడం మా వైపు ఆచారం. బావ ఉతికి మడతపెట్టిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. ప్రతివాడూ అతన్ని పేరుపెట్టి పిలిచి, అలాయ్ బలాయ్ తీసుకుని పోతున్నాడు. నేను అక్కయ్యవైపు చూశాను. ఆమె కూడా అదే చూస్తోంది.

ఇంటికి వచ్చేదారిలో మెల్లగా అంది. "పోస్టాఫీసు పుస్తకం నా పెట్టెల్నే ఉంటది. నలభై వేలు చిట్టి పైసలున్నయి. రెండు మిషన్లొస్తయి. రంగులు నేను చెప్పినయే అద్దాలె. నౌకరి ఇడువద్దు, రాత్రి డ్యూటీ అడుగుమను. ఇష్టమైతే సరే, లేకుంటె లేదు."

"నన్ను వద్దనమన్నావు గదా అక్కా?"

"నువ్వు అన్నవా?" అంది. అనలేదని ఒప్పుకున్నాను.

ఇది జరిగి మూడు నెలలైంది. పోయినవారం అక్కయ్య ఫోను చేసింది. ముందుగదిలో రెండు మిషన్లు ఆడుతున్నాయి. నేతగుడ్డ తెచ్చి, మూడు రంగులు అద్ది, తుమ్మనీడలాగా గీతలు కొట్టి, సగం చేతుల కోట్లు కుడుతున్నారు. ఇరవైఆరు కుట్టారు, పంతొమ్మిది పోయాయి, పధ్నాలుగింటికి డబ్బు చేతికి వచ్చింది. మిగిలిన ఐదింటి బాకీ వసూలు చేయడానికి నిజామాబాదు ఫౌజీని పంపారట. కంపెనీ అనడానికి ఇంకా చాలాదూరం ఉంది. గొల్లాయనకు ఒక కోటు ఉచితంగా ఇస్తే, గొంగడే వెచ్చగా ఉంటుందని తిరిగి ఇచ్చేశాడట. బావ రాత్రిపూట బ్యాంకుకు వెళుతూనే ఉన్నాడు. కాకపోతే ఇప్పుడున్న మేనేజరుకు పక్షుల ఫొటోల సరదా ఉందట. మొన్న ఒక కోటు కావాలని వచ్చి, మొదటిసారి పేరు అడిగి తెలుసుకుని, చివర 'గారు' కూడా చేర్చి పిలిచాడట.

మా చిన్నవాడికి కూడా ఒక చిన్నకోటు వచ్చింది, కొయ్యకాళ్ళ రంగులో. మచ్చల చొక్కా తనంతట తానే పెట్టెలో పెట్టేసి, దీన్నే వేసుకుంటానని కూర్చున్నాడు. "ఇది వేసుకుని వీడు ఆ గుట్టల్లో తప్పిపోతే నేను ఎక్కడ వెతకను?" అంది మా ఆవిడ.

పొట్లం విదిలిస్తే అడుగు నుంచి నారింజరంగు టోపీ ఒకటి కిందపడింది.